పదకొండో స్థానం: అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో ఎవరి లెక్క న్యాయం?

2025 డిసెంబర్ 7, ఆదివారం. అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ ప్లేఆఫ్‌లో ఆడే 12 జట్ల పేర్లను ఆ రోజు ప్రకటించారు. సీజన్‌లో 12 మ్యాచ్‌లు ఆడి పది గెలిచిన నోటర్ డేమ్ యూనివర్సిటీ పేరు అందులో లేదు. అన్నే ఆడి అన్నే గెలిచిన మయామీ యూనివర్సిటీకి మాత్రం పదో సీడ్ దక్కింది. అంతకు ముందు వారం విడుదలైన ర్యాంకుల్లో నోటర్ డేమ్‌ది పదో స్థానం, మయామీది పన్నెండోది. మధ్యలో వచ్చిన వారాంతంలో ఈ రెండు జట్లూ మైదానంలోకి దిగనే లేదు. మరి ఆడకుండానే ఒకటి పైకి, ఇంకొకటి కిందికి ఎలా వెళ్లాయి?

సెలక్షన్ కమిటీ చెప్పిన కారణం ఇది. రెండింటి మధ్య పదకొండో స్థానంలో ఉన్న బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ ఆ వారాంతంలో టెక్సస్ టెక్ చేతిలో 34-7తో చిత్తుగా ఓడి కిందికి జారింది. దాంతో నోటర్ డేమ్, మయామీ పక్కపక్కకు వచ్చాయి. పక్కపక్కన ఉన్న జట్లను పోల్చేటప్పుడు ముఖాముఖి ఫలితం చూడాలి. ఆగస్టు 31న మయామీ 27-24తో నోటర్ డేమ్‌ను ఓడించింది. కాబట్టి మయామీ లోపల, నోటర్ డేమ్ బయట.

వినడానికి సబబుగానే ఉంది. కానీ ఆగస్టులో జరిగిన ఆ మ్యాచ్ నవంబర్ నెలంతా లెక్కకు రాలేదు. ఆ వారాల్లో కమిటీ ప్రతిసారీ నోటర్ డేమ్‌ను మయామీ కంటే పైనే ఉంచుతూ వచ్చింది. పైగా అదే వారాంతంలో అలబామా తన కాన్ఫరెన్స్ ఫైనల్లో జార్జియా చేతిలో 28-7తో ఓడింది. మూడో ఓటమి ఖాతాలో పడినా దాని తొమ్మిదో స్థానం చెక్కుచెదరలేదు. ఓడిన బ్రిగమ్ యంగ్ కిందికి పడింది, ఓడిన అలబామా పడలేదు, ఆడని నోటర్ డేమ్ పడింది. కోపం పట్టలేక నోటర్ డేమ్ ఆ సీజన్‌లో ఏ బౌల్ మ్యాచ్‌లోనూ ఆడబోమని ప్రకటించింది.

ఇది ఒక జట్టు అలక అనుకుని వదిలేయవచ్చు. కానీ ఏటా డిసెంబర్‌లో ఎవరో ఒకరు ఇలాగే గోల పెడుతున్నారంటే, తప్పు ఆ గదిలో కూర్చున్న 13 మంది సభ్యులది మాత్రమే అయి ఉండదు. వాళ్ల ముందున్న లెక్కే పొసగనిదై ఉండాలి.

136 జట్లు, 12 మ్యాచ్‌లు

ముందుగా ఆట స్వరూపం. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే మనం ఎరిగిన సాకర్ కాదు, కోలబంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తే అమెరికన్ ఆట. యూనివర్సిటీ జట్ల పైస్థాయి విభాగంలో 2025లో 136 జట్లున్నాయి. ఒక్కో జట్టు సీజన్‌లో ఆడేది 12 మ్యాచ్‌లే. అందులో ఎక్కువ భాగం తన కాన్ఫరెన్స్ లోపలే. కాన్ఫరెన్స్ అంటే కొన్ని యూనివర్సిటీలు కలిసి పెట్టుకున్న లీగ్. బిగ్ టెన్, ఎస్‌ఈసీ, ఏసీసీ, బిగ్ 12 అనే నాలుగు పెద్దవి. మిగిలినవి చిన్నవి. నోటర్ డేమ్ ఫుట్‌బాల్‌లో ఏ కాన్ఫరెన్స్‌లోనూ చేరకుండా ఒంటరిగా ఉంటుంది.

అంటే దేశంలోని ఏ రెండు జట్లను తీసుకున్నా అవి ఒకదానితో ఒకటి ఆడి ఉండే అవకాశం చాలా తక్కువ. ఉమ్మడి ప్రత్యర్థులు కూడా లేకపోవచ్చు. ఐపీఎల్‌లో పది జట్లకు ఒకే పాయింట్ల పట్టిక ఉంటుంది, సమానమైతే నెట్ రన్‌రేట్ ఉంటుంది. ఇక్కడ అలాంటి పట్టిక సాధ్యం కాదు. దీనికి దగ్గరగా మనకు తెలిసిన ఉదాహరణ ప్రపంచ టెస్ట్ చాంపియన్‌షిప్. 2023-25 చక్రంలో దక్షిణాఫ్రికా ఆస్ట్రేలియాతో గానీ ఇంగ్లండ్‌తో గానీ ఒక్క సిరీస్ కూడా ఆడకుండా ఫైనల్ చేరిందని ఎంత విమర్శ వచ్చిందో గుర్తుండే ఉంటుంది. తర్వాత లార్డ్స్‌లో ఆస్ట్రేలియానే ఓడించి ఆ జట్టు నోళ్లు మూయించింది. తొమ్మిది జట్ల పోటీలోనే అంత వివాదం వస్తే, 136 జట్ల సంగతి చెప్పేదేముంది.

ఈ చిక్కును విప్పడానికి అమెరికన్లు చాలా పద్ధతులు ప్రయత్నించారు. 1998 నుంచి 2013 సీజన్ వరకు పోల్స్, కంప్యూటర్ లెక్కలు కలిపి ఇద్దరు ఫైనలిస్టులను తేల్చేవారు. 2004లో ఆబర్న్ ఒక్క మ్యాచ్ కూడా ఓడకపోయినా ఫైనల్‌కు రాలేకపోయింది. 2014 సీజన్ నుంచి కమిటీ నాలుగు జట్లను ఎంచుకోవడం మొదలైంది. 2024 నుంచి ఆ సంఖ్య 12 అయింది. 2025 సీజన్ వరకు అత్యధిక ర్యాంకున్న ఐదుగురు కాన్ఫరెన్స్ చాంపియన్లకు చోటు ఖాయంగా ఉండేది, మిగతా ఏడు స్థానాలు ర్యాంకులను బట్టి.

గెలవడం ముఖ్యమా, బలంగా కనిపించడం ముఖ్యమా?

కమిటీ ఎదుట ఎప్పుడూ రెండు ప్రశ్నలుంటాయి. సీజన్‌లో ఎవరు ఎక్కువ సాధించారు? ఇప్పుడు ఎవరు ఎక్కువ బలంగా ఉన్నారు? రెండింటికీ జవాబు ఒకటే అయితే పేచీ లేదు. వేరైనప్పుడే గొడవ.

2023లో ఫ్లోరిడా స్టేట్ 13కి 13 గెలిచి ఏసీసీ చాంపియన్ అయింది. అయినా నాలుగు జట్లలో చోటు దక్కలేదు. నవంబర్‌లో దాని క్వార్టర్‌బ్యాక్ జోర్డన్ ట్రావిస్ కాలికి తీవ్ర గాయమైంది. అతను లేని జట్టు మునుపటి జట్టు కాదని కమిటీ భావించి, ఒక్కో ఓటమి ఉన్న టెక్సస్, అలబామాలను తీసుకుంది. కీలక ఆటగాళ్లు అందుబాటులో లేకపోవడాన్ని పరిగణించవచ్చని కమిటీ నియమావళిలోనే ఉంది కాబట్టి నిబంధన తప్పలేదు. కానీ ఓటమే లేని పెద్ద కాన్ఫరెన్స్ చాంపియన్‌ను, రేపు ఓడిపోవచ్చన్న అంచనాతో పక్కన పెట్టడం అంతకు ముందు జరగలేదు. తర్వాత ఆరెంజ్ బౌల్‌లో ఫ్లోరిడా స్టేట్ 63-3తో జార్జియా చేతిలో ఓడింది. చూశారా, మేం చెప్పిందే నిజమైందని కొందరన్నారు. అప్పటికే నిరాశతో చాలామంది ఆటగాళ్లు ఆ మ్యాచ్‌కు దూరమయ్యారు. వాళ్లు లేకుండా ఆడిన మ్యాచ్ ఏ వాదననూ రుజువు చేయదు.

చిన్న కాన్ఫరెన్సుల కథ ఇంకా పాతది. 2017లో సెంట్రల్ ఫ్లోరిడా యూనివర్సిటీ ఓటమి లేకుండా సీజన్ ముగించింది. ప్లేఆఫ్ ఛాయలకు కూడా రానివ్వలేదు. పీచ్ బౌల్‌లో అది ఆబర్న్‌ను 34-27తో ఓడించింది. ఆ ఏడాది జాతీయ ఫైనల్ ఆడిన అలబామా, జార్జియా రెండింటినీ సీజన్‌లో ఓడించిన జట్టు ఆ ఆబర్నే. నాలుగు జట్ల పద్ధతి నడిచిన పదేళ్లలో చిన్న కాన్ఫరెన్స్ నుంచి ప్లేఆఫ్ చేరింది 2021లో సిన్సినాటి ఒక్కటే.

12 జట్ల పద్ధతితో ఆ తలుపు కొంత తెరుచుకుంది. 2025లో ట్యులేన్, జేమ్స్ మాడిసన్ రెండూ లోపలికి వచ్చాయి. రెండూ తొలి రౌండ్‌లోనే ఓడాయి. ట్యులేన్ 41-10తో ఓల్ మిస్ చేతిలో, జేమ్స్ మాడిసన్ 51-34తో ఓరెగన్ చేతిలో. వీళ్ల కోసమా నోటర్ డేమ్‌ను ఆపింది అన్న వాదన వెంటనే లేచింది. కానీ అదే ప్లేఆఫ్‌లో అలబామా 38-3తో ఇండియానా చేతిలో ఓడింది. 2024లో ఎస్‌ఈసీ జట్టు టెనెసీ 42-17తో ఒహాయో స్టేట్ చేతిలో ఓడింది. పెద్ద జట్టు చిత్తయితే ఆ రోజు బాగా ఆడలేదంటారు, చిన్న జట్టు చిత్తయితే అసలు పిలవడమే తప్పంటారు.

ఇండియానా సంగతి కూడా చూడాలి. దశాబ్దాల పాటు పెద్ద కాన్ఫరెన్సుల్లో ఓటములకు మారుపేరుగా నిలిచిన జట్టది. 2024లో 11 గెలిచి ప్లేఆఫ్‌కు వస్తే, బలహీన ప్రత్యర్థులతో ఆడి వచ్చిందని వెక్కిరించారు. తర్వాతి సీజన్‌లో ఒక్క ఓటమి లేకుండా 16 గెలిచి, 2026 జనవరి 19న మయామీని 27-21తో ఓడించి జాతీయ చాంపియన్ అయింది. ఆ జట్టు కోచ్ కర్ట్ సిగ్నెటి 2023 వరకు పనిచేసింది జేమ్స్ మాడిసన్‌లోనే. అక్కడి నుంచి పలువురు ఆటగాళ్లు ఆయన వెంట వచ్చారు. ఫైనల్లో ఓడిన మయామీ ఎవరంటే, పదకొండో స్థానంలో ఆగిపోయిన నోటర్ డేమ్‌కు ఒక్క మెట్టు పైనున్న జట్టు. పేరును, గతాన్ని చూసి వేసే అంచనా ఎంతవరకు నమ్మదగిందో ఈ ఒక్క సీజన్ చాలు చెప్పడానికి.

గోడ దూకుళ్ల కాలం

ఇంతకీ నోటర్ డేమ్, మయామీల పేచీ ఎక్కడ మొదలైంది? డిసెంబర్‌లో కాదు. ఏసీసీలో 17 ఫుట్‌బాల్ జట్లున్నాయి, 2025లో ఒక్కో జట్టు ఆడిన కాన్ఫరెన్స్ మ్యాచ్‌లు ఎనిమిది. అంటే సగం జట్లతో సగం జట్లు తలపడనే లేదు. 2025లో రెండో స్థానం కోసం మయామీ, డ్యూక్ సహా ఐదు జట్లు సమానంగా నిలిచాయి. ప్రత్యర్థుల గెలుపు శాతాన్ని బట్టి డ్యూక్ ఫైనల్‌కు వెళ్లింది, వర్జీనియాను ఓడించి చాంపియన్ అయింది. అప్పటికి డ్యూక్ ఖాతాలో ఐదు ఓటములు. అందుకే ఐదుగురు అగ్ర చాంపియన్లలో ఏసీసీకి చోటు రాలేదు, ఆ స్థానం జేమ్స్ మాడిసన్‌కు వెళ్లింది. మయామీ ఆ ఫైనల్ ఆడి గెలిచి ఉంటే చాంపియన్ కోటాలో వచ్చేది, నోటర్ డేమ్‌కూ చోటు మిగిలేది.

అట్లాంటిక్ తీరం పేరు పెట్టుకున్న ఏసీసీలో 17 జట్లు ఎందుకున్నాయి? పసిఫిక్ తీరాన ఉన్న స్టాన్‌ఫర్డ్, కాలిఫోర్నియా బర్కిలీలు, డాలస్‌లోని ఎస్‌ఎంయూ 2024లో అందులో చేరాయి కాబట్టి. అవి ఎందుకు చేరాయి? స్టాన్‌ఫర్డ్, బర్కిలీలు అప్పటిదాకా ఉన్న పాక్-12 కుప్పకూలింది కాబట్టి.

మన రాజకీయాల్లో ఎన్నికల ముందు చూసే ఫిరాయింపులకు ఇది ఏమాత్రం తీసిపోదు. 2021లో టెక్సస్, ఓక్లహోమా తాము బిగ్ 12 వదిలి ఎస్‌ఈసీకి వెళ్తున్నట్లు ప్రకటించాయి. 2022 జూన్‌లో లాస్ ఏంజెలెస్‌కు చెందిన యూఎస్‌సీ, యూసీఎల్‌ఏ బిగ్ టెన్‌కు వెళ్తామన్నాయి. 2023లో ఓరెగన్, వాషింగ్టన్ వాటి వెంట నడిచాయి. కొలరాడో, అరిజోనా, అరిజోనా స్టేట్, యూటా బిగ్ 12లోకి దూకాయి. వందేళ్లకు పైగా చరిత్ర ఉన్న పాక్-12లో చివరికి ఓరెగన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్ రెండే మిగిలాయి. ఇప్పుడు బిగ్ టెన్‌లో 18 జట్లు, బిగ్ 12లో 16. పేరులోని అంకెకూ జట్ల సంఖ్యకూ సంబంధం తెగిపోయింది.

ఎస్‌ఎంయూ ఏసీసీలో చేరడానికి తొమ్మిదేళ్ల పాటు టీవీ ఆదాయంలో వాటా వద్దనుకుంది. స్టాన్‌ఫర్డ్, బర్కిలీ తక్కువ వాటాకు ఒప్పుకున్నాయి. యూసీఎల్‌ఏ వెళ్లిపోవడం వల్ల బర్కిలీకి జరిగిన నష్టానికి ఏటా కోటి డాలర్లు చెల్లించాలని రెండింటికీ పాలకమండలి అయిన కాలిఫోర్నియా యూనివర్సిటీ రీజెంట్లు తీర్మానించారు. ఒకే ప్రభుత్వ విద్యాసంస్థలోని ఒక క్యాంపస్ ఇంకో క్యాంపస్‌కు పరిహారం కట్టడమన్నమాట.

మూలం 1984లో ఉంది

ఈ పరుగుకు కారణం టీవీ డబ్బు. ఆ డబ్బు ఇలా ప్రవహించడానికి కారణం ఒక సుప్రీంకోర్టు తీర్పు. అప్పట్లో కాలేజీ ఫుట్‌బాల్ ప్రసార హక్కులను జాతీయ సంస్థ ఎన్‌సీఏఏ అందరి తరఫున కలిపి అమ్మేది. ఒక జట్టు రెండేళ్లలో ఆరుసార్లకు మించి టీవీలో కనిపించకూడదన్న పరిమితి ఉండేది. దీన్ని ఓక్లహోమా, జార్జియా యూనివర్సిటీలు సవాలు చేశాయి. 1984లో సుప్రీంకోర్టు 7-2 మెజారిటీతో, ఇది పోటీ చట్టాలకు విరుద్ధమని కొట్టేసింది.

విభేదించిన ఇద్దరిలో ఒకరు జస్టిస్ బైరన్ వైట్. ఆయన కొలరాడో యూనివర్సిటీ తరఫున ఆడి పేరు తెచ్చుకున్న ఫుట్‌బాల్ క్రీడాకారుడు. యూనివర్సిటీల ఆటను మామూలు వ్యాపారంలా చూడకూడదని, ఆ ఆంక్షల వెనక విద్యాపరమైన ఉద్దేశం ఉందని ఆయన వాదన. ఆయన మాట నెగ్గలేదు. అప్పటి నుంచి ఎవరి హక్కులు వాళ్లవి. బలమైన జట్లు ఒక గూటికి చేరితే ధర పెరుగుతుంది, బలహీనమైన వాటిని వదిలించుకుంటే తలసరి వాటా పెరుగుతుంది. నలభై ఏళ్ల తర్వాత ఓక్లహోమా కూడా జార్జియా ఉన్న ఎస్‌ఈసీలోనే చేరడంతో, ఆనాటి కక్షిదారులు ఇద్దరూ ఒకే గూటిలో ఉన్నారు.

2022లో బిగ్ టెన్ కుదుర్చుకున్న ప్రసార ఒప్పందం విలువ ఏడేళ్లకు 700 కోట్ల డాలర్లకు పైనే. ప్లేఆఫ్ కోసం ఈఎస్‌పీఎన్ 2026 సీజన్ నుంచి ఆరేళ్లకు 780 కోట్ల డాలర్లు ఇస్తోంది. ఆ సొమ్ములో బిగ్ టెన్, ఎస్‌ఈసీలకు చెరో 29 శాతం దాకా వెళ్తుందని, ఏసీసీకి 17, బిగ్ 12కు 15 శాతం వస్తుందని, చిన్న కాన్ఫరెన్సులన్నీ కలిపి పదో వంతు లోపు పంచుకుంటాయని వార్తలు వచ్చాయి. ఐసీసీ ఆదాయంలో బీసీసీఐకి 38.5 శాతం ఇవ్వడంపై జరిగిన చర్చ తెలిసినవారికి ఈ వాదన కొత్త కాదు. చూసేవాళ్లను మేమే తెస్తున్నాం, కాబట్టి వాటా మాదే అంటారు పెద్దలు. ఆ వాటాతోనే రేపటి తేడా ఇంకా పెరుగుతుందంటారు చిన్నవాళ్లు. రెండూ నిజమే. అందుకే ఇది తెగదు.

మూల్యం ఎవరిది?

ఓడిపోయింది అభిమానుల సరదా మాత్రమే అయితే ఇంత చర్చ అక్కర్లేదు. కానీ కాన్ఫరెన్స్ మారితే ఫుట్‌బాల్ జట్టు ఒక్కటే మారదు. వాలీబాల్, సాఫ్ట్‌బాల్ ఆడే అమ్మాయిలు కూడా ఖండం ఈ చివర నుంచి ఆ చివరకు ప్రయాణించాలి. బిగ్ టెన్‌లో ఒక జట్టు న్యూజెర్సీలో ఉంటే ఇంకొకటి లాస్ ఏంజెలెస్‌లో ఉంది. మధ్యలో దాదాపు 4,000 కిలోమీటర్లు, మూడు గంటల కాలవ్యత్యాసం. తరగతులు, పరీక్షలు ఉన్న విద్యార్థులు వీళ్లు. వెనక మిగిలిపోయిన వాషింగ్టన్ స్టేట్ 2025లో ఖర్చు తగ్గించుకోవడానికి ట్రాక్ అండ్ ఫీల్డ్‌లో ఫీల్డ్ ఈవెంట్లను ఎత్తేసింది. ఫుట్‌బాల్ కోసం జరిగిన ఫిరాయింపుల మూల్యం జావెలిన్ విసిరేవాళ్ల మీద పడింది.

ఆటగాళ్లకు ఇప్పుడు కొంత దక్కుతోంది. 2025 జూన్‌లో ఆమోదం పొందిన హౌస్ కేసు పరిష్కారం ప్రకారం పాత బకాయిల కింద సుమారు 280 కోట్ల డాలర్లు చెల్లించాలి. ఒక్కో యూనివర్సిటీ 2025-26లో 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా నేరుగా క్రీడాకారులకు ఇచ్చే వీలు కలిగింది. ఇది న్యాయమే. కానీ పెద్ద కాన్ఫరెన్స్‌లో ఉన్న యూనివర్సిటీకి ఆ సొమ్ము టీవీ నుంచి వస్తుంది. బయట ఉన్నదానికి ఎక్కడి నుంచి వస్తుంది?

ఇక్కడే మనవాళ్ల ప్రస్తావన వస్తుంది. ఆంధ్ర, తెలంగాణల నుంచి ఏటా వేలమంది చదువుకు వెళ్తున్న అమెరికా యూనివర్సిటీల్లో చాలావాటికి ఇలాంటి జట్లున్నాయి. టీవీ సొమ్ము అందని చోట్ల క్రీడా విభాగాన్ని నడిపేది చాలావరకు విద్యార్థుల ఫీజులే. జేమ్స్ మాడిసన్‌లో క్రీడా బడ్జెట్‌లో పెద్ద భాగం అలా వచ్చేదే. పలు యూనివర్సిటీల ఫీజు బిల్లులో అథ్లెటిక్స్ పేరుతో ఒక పద్దు ఉంటుంది. స్టేడియం గడప తొక్కని విద్యార్థి కూడా, బ్యాంకు అప్పుతో వచ్చిన విద్యార్థి కూడా అది కట్టాల్సిందే. ప్లేఆఫ్ ఆదాయంలో ఎవరికెంత అన్నది ఆ పద్దు వరకూ వస్తుంది.

జట్లు పెంచితే తీరుతుందా?

తరచూ వినిపించే పరిష్కారం, జట్ల సంఖ్య పెంచడం. నాలుగున్నప్పుడు ఐదోవాడు ఏడ్చాడు, పన్నెండున్నప్పుడు పదకొండో ర్యాంకువాడు ఏడ్చాడు. పదహారు చేస్తే పదిహేడోవాడు ఏడుస్తాడు. గీత జరుగుతుంది, గీత గీసే పద్ధతి మారదు. అయినా ఎస్‌ఈసీ 16 అంటోంది, బిగ్ టెన్ 24 దాకా వెళ్దామంటోంది. 2026 నుంచి ప్లేఆఫ్ స్వరూపంపై నిర్ణయాధికారం ప్రధానంగా ఈ రెండింటి చేతుల్లోనే ఉంది. వీటికి పొత్తు కుదరకపోవడంతో 2026 సీజన్‌కు 12 జట్లే కొనసాగుతాయని జనవరిలో ప్రకటించారు.

ఇంకో ప్రతిపాదన కోటాలు. బిగ్ టెన్, ఎస్‌ఈసీలకు చెరో నాలుగు, ఏసీసీ, బిగ్ 12లకు చెరో రెండు, చిన్నవాళ్లందరికీ ఒకటి అని 2025లో బిగ్ టెన్ గట్టిగా వాదించింది. దీంతో కమిటీ గొడవ తగ్గుతుంది, నిజమే. కానీ సీజన్ మొదలు కాకముందే ఎవరు గొప్పో రాసేసినట్టవుతుంది. ఈ ధోరణి ఛాయలు ఇప్పటికే ఉన్నాయి. 2026 నుంచి నాలుగు పెద్ద కాన్ఫరెన్సుల చాంపియన్లకు ర్యాంకుతో పని లేకుండా చోటు ఖాయం. నోటర్ డేమ్ మొదటి 12 ర్యాంకుల్లో ఉంటే దానికీ ఖాయం. ఒక్క యూనివర్సిటీ కోసం ఒక నిబంధన. అది 2025లోనే అమల్లో ఉంటే పదకొండో స్థానం గొడవే ఉండేది కాదు, ఇంకెవరో బయట ఉండేవారు.

నా దృష్టిలో చేయదగినవి రెండున్నాయి. మొదటిది, కమిటీ ఏ కొలమానానికి ఎంత బరువు ఇస్తుందో సీజన్‌కు ముందే రాసి ప్రకటించాలి. ముఖాముఖి ఫలితం లెక్కలోకి వస్తే నవంబర్ మొదటి వారం నుంచే రావాలి. సూత్రాలకూ లోపాలుంటాయి, ఆబర్న్‌ను అడిగితే చెబుతుంది. కానీ ముందే తెలిసిన నిబంధనతో ఓడినవాడికి బాధ ఉంటుంది, మోసపోయానన్న భావన ఉండదు. తన యూనివర్సిటీ చర్చకు వచ్చినప్పుడు సభ్యుడు గది బయటకు వెళ్లాలన్న నియమం ఇప్పటికే ఉంది. తన కాన్ఫరెన్స్‌లోని మిగతా జట్ల చర్చకు కూడా దాన్ని వర్తింపజేయవచ్చు.

రెండోది కష్టమైనది, అసలైనది. ప్రసార హక్కులను మళ్లీ కలిపి అమ్మడం. ప్రొఫెషనల్ లీగ్‌లకు ఆ వెసులుబాటు 1961 నాటి స్పోర్ట్స్ బ్రాడ్‌కాస్టింగ్ చట్టం ఇచ్చింది. కాలేజీలకు లేదు. దాన్ని కాలేజీలకూ విస్తరించాలని వాషింగ్టన్ రాష్ట్ర సెనేటర్ మరియా కాంట్‌వెల్ 2025లో మరికొందరితో కలిసి బిల్లు పెట్టారు. పాక్-12 శిథిలాల్లో మిగిలిన రెండు యూనివర్సిటీల్లో ఒకటి ఆమె రాష్ట్రానిదే కావడం కాకతాళీయం కాదు. బిగ్ టెన్, ఎస్‌ఈసీలకు ఇది ఇష్టం లేదు. ఉన్న వాటా తగ్గే మార్పును ఎవరూ కోరి తెచ్చుకోరు, కాబట్టి కాంగ్రెస్ పూనుకుంటే తప్ప కదలదు.

ఆదాయం ఉమ్మడి అయితే కాన్ఫరెన్సులు మళ్లీ ఇరుగుపొరుగు ఊళ్ల లీగ్‌లు కావచ్చు. ఒక కాన్ఫరెన్స్‌లో పది జట్లుంటే అందరూ అందరితో ఆడవచ్చు. చాంపియన్ ఎవరో మైదానమే చెబుతుంది, డ్యూక్ లాంటి వింతలు తగ్గుతాయి. అప్పుడు డిసెంబర్‌లో ఆ గదిలో కూర్చునే 13 మందికి తేల్చాల్సినవి తక్కువ మిగులుతాయి. అప్పటిదాకా కమిటీ సభ్యులు మారినా, జట్ల సంఖ్య మారినా, ప్రతి డిసెంబర్‌లో పదకొండో స్థానంలో ఎవరో ఒకరు ఉంటారు.